కొట్టి చూడని మూడు మీటలు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన తర్వాత రెండో ఏడు ఇది జరిగింది. కచేరీ హాలు వసారా గోడకి నీటి మరక అప్పటికింకా నా నడుమెత్తున ఉంది. మూడుసార్లు రంగు వేయించారు. మూడుసార్లూ మరక పైకి తేలింది.

ఆ హాల్లో పియానోకి శృతి చేయడం నా పని. నాకు ముందు మా అన్న చేశాడు. మూడో తరగతితో నన్ను బడి మాన్పించి, సంచీ మోయించి, పని నేర్పింది ఆయనే.

ఈ పని గురించి అందరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను. పియానో లోపల చాలా మీటలకి మూడేసి తీగలుంటాయి. ఒక్కో తీగ ఒక్కో ఇనప పిన్నుకి చుట్టి ఉంటుంది. పానాతో పిన్ను తిప్పి తీగని స్వరానికి తెస్తాం. అక్కడితో వదలకూడదు. వెంట్రుకవాసి పైకి లాగి, మళ్ళీ దించి, పిన్నుని దాని గుంటలో కుదురుగా కూర్చోబెట్టాలి. ఆ తర్వాత మీటని బలంకొద్దీ ఎనిమిది పదిసార్లు కొట్టాలి. కూర్చున్న తీగ కదలదు. కూర్చోని తీగ ఆ దెబ్బలకి జారిపోతుంది. మూడింట్లో ఒక్కటి జారినా చాలు, ఆ స్వరం పులిసిపోతుంది. కొట్టి కొట్టి మా అన్న వేళ్ళ చివర్లు కాయలు కాచి ఉండేవి. "కొట్టి చూడకుండా లేచావంటే పని చేయనట్టే రా" అనేవాడు.

ఇక పుల్లాయన సంగతి. ఆర్కెస్ట్రా ముందు నిలబడి పుల్ల ఊపుతాడని హాల్లో పనివాళ్ళం ఆయనకి ఆ పేరు పెట్టుకున్నాం. ఎదురుగా అయితే సార్. అంతకు పంతొమ్మిదేళ్ళ ముందు ఆయన చేతిలో పుల్ల లేదు. పియానో వాయించేవాడు. ఒకరోజు నిండు సభలో ఆయన వేళ్ళు తప్పాయి. పరుగెత్తే చోట గుంతలో కాలు పడ్డట్టు పడి ఆగిపోయాడు. లేచి, తల వంచి, "క్షమించాలి, తీగ జారింది. శృతి చేసినవాడు కాస్త పుచ్చుకుని వచ్చినట్టున్నాడు" అన్నాడు.

హాలంతా నవ్వింది. మా అన్న తెర పక్కనుంచి వేదిక మీదికి వచ్చి "జారలేదు బాబూ, కొట్టి చూడండి" అన్నాడు. ఇంకా నవ్వారు. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని బయటికి తీసుకుపోయారు. మా అన్న టీ తప్ప ఏదీ ముట్టనివాడు.

మర్నాడు పొద్దున్న నేను మూత తెరిచి ఒక్కొక్క తీగా చూశాను. ఒక్కటీ కదల్లేదు. మేనేజరుకి చెప్పాను. "చెప్పావు, విన్నాను. ఇంకెక్కడా అనకు. మీ అన్న పని నీకిస్తాం" అన్నాడు. నేను అనలేదు. పని తీసుకున్నాను.

ఆ తర్వాత మా అన్నని పియానో ఉన్న ఏ ఇల్లూ పిలవలేదు. గోదాములో మూటలు మోశాడు. ఆరేళ్ళు మోసి పోయాడు. ఆయన పోయాక మా వదిన నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. మూడో ఏడు మాట్లాడింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఉన్నందుకైనా ఏదో ఒకటి చెయ్యి" అంది. అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నేను మాత్రం మరవలేదు. పొద్దున్నే హాలు తాళం తీసేటప్పుడు గుర్తొచ్చేది, సాయంత్రం వేసేటప్పుడు గుర్తొచ్చేది.

పుల్లాయన పియానో మానేసి పుల్ల పట్టుకున్నాడు. పెద్దవాడయ్యాడు. ఒక పద్ధతి పెట్టాడు. కచేరీ రోజు మధ్యాహ్నం తానే వచ్చి పియానో సరిచూస్తాడు. చూసి, వసారాలో గొలుసుతో కట్టిన పుస్తకంలో "సరిగా ఉంది" అని రాసి సంతకం పెడతాడు. చూడవచ్చిన వాళ్ళకి ఆ పుస్తకం తిప్పి చూపించేవాడు. "ఒకసారి ఒక తాగుబోతు నన్ను ముంచాడు. ఇక నా చెవి దాటి ఏదీ పోదు" అనేవాడు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. నేను ఎవరి తమ్ముణ్ణో ఆయనకి తెలుసు. తెలిసే అనేవాడు.

ఆయన సరిచూడటం ఎలాగంటే, వేళ్ళ కొసలతో మీటల మీద ఈ చివరినుంచి ఆ చివరికి గాలి ఊదినట్టు తడిమేవాడు. ఒక్క మీటా కొట్టి చూసేవాడు కాదు.

అన్నేళ్ళూ నేను ఎందుకు ఊరుకున్నానంటే, వాయించడానికి వచ్చేవాళ్ళు పరాయివాళ్ళు. తీగ జారితే పరువు పోయేది వాళ్ళకి. పుల్లాయనకి గుచ్చుకోదు. ఆయనకి గుచ్చుకునే మనిషి ఆ బల్ల మీద కూర్చోవాలి. ఆ ఏడు కూర్చుంది. ఆయన కూతురి కూతురు. ఏడేళ్ళది.

కాన్సర్టో అంటే అరవైమంది వాయిద్యాలవాళ్ళు ఒక పక్క, ఒక్క పియానో ఒక పక్క. పెద్దవాళ్ళకే చెమటలు పట్టే వ్యవహారం. ఏడేళ్ళ పిల్ల వాయిస్తుందని ఊరంతా గోడలకి కాగితాలు అంటించారు. పాప నిద్రవేళ దాటకూడదని సాయంత్రం నాలుగింటికే పెట్టారు. కాళ్ళు అందవని పెడళ్ళ మీద చెక్కపెట్టె బిగించారు. బల్ల మీద రెండు దిళ్ళు వేశారు.

మూడు రోజులు సాధన జరిగింది. నేను తెర పక్క నిలబడి మొత్తం విన్నాను. మొదటి భాగం జోరుగా సాగుతుంది. అందులో పై వరసలో మూడు మీటల మీద ఊరికే దెబ్బలు పడుతుంటాయి. రెండో భాగం నెమ్మది. అరవైమందీ ఊరుకుంటారు. పాప ఒక్కతే అదే మూడు మీటల మీద మెల్లగా, చీమ నడిచినట్టు వాయిస్తుంది. దూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. నాకు దారి దొరికింది.

నా లెక్క ఇది. ఆ మూడు మీటల్లో మీటకొకటి చొప్పున మూడు తీగలు స్వరానికి తెచ్చి, కూర్చోబెట్టకుండా వదిలేస్తాను. మధ్యాహ్నం ఆయన వచ్చి చూస్తాడు. గట్టిగా కొడితే అప్పుడే జారుతుంది, నేను దొరికిపోతాను. ఆ అవకాశం ఆయనకి ఇచ్చాను. కొట్టకుండా సంతకం పెడితే మాత్రం తీగ ఆయనది. అప్పుడు మొదటి భాగం దెబ్బలకి జారి, రెండో భాగంలో నిండు సభ ముందు ఏడుస్తుంది. సంతకం ఉంది కాబట్టి నన్ను అనలేడు. పాపని అనాలి, లేదా తనని తాను అనుకోవాలి. సొంత మనవరాలిని ఎవడంటాడు? "నేనే సరిగా చూడలేదు" అని ఆయన నోటితో ఆయన చెప్పాలి. నాకు అదే కావాలి.

కచేరీ రోజు పొద్దున్న నేను మూత తెరిచి పని చేస్తుంటే పాప వచ్చి పియానో కింద దూరింది. చేతిలో సగం కొరికిన యాపిల్ ఉంది.

"తాతా, ఎందుకంత గట్టిగా కొడుతున్నావు? దానికి నొప్పి పుట్టదా?"

నేను పానా తిప్పుతూనే ఉన్నాను.

"మూగా నువ్వు?"

"కాదు."

"మరి మాట్లాడు. మా తాతయ్య ఒకటే వాగుతుంటాడు. మా అమ్మ అంటుంది, ఆయన నోరు నొక్కితే చేతులు మాట్లాడతాయట."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. "కొడితే తీగ కుదురుకుంటుంది. కుదురుకోని తీగ వాయించేటప్పుడు జారిపోతుంది" అన్నాను.

"జారితే ఎలా వినిపిస్తుంది?"

ఒక తీగ కొంచెం వదిలి మీట నొక్కి వినిపించాను. పాప చెవులు మూసుకుంది. "ఛీ, పళ్ళు జివ్వుమన్నాయి" అంది. సాధారణంగా పెద్దవాళ్ళు కూడా అంత చిన్న తేడా పట్టుకోలేరు. ఈ పిల్లకి చెవి ఉందనుకున్నాను. అనుకుని నా లెక్క అక్కడితో మానుకుని ఉంటే సరిపోయేది. మళ్ళీ పనిలో పడ్డాను. పైవరసకి వచ్చాను. ఆ మూడు మీటల దగ్గర తీగ లాగాను, వదిలేశాను, ముందుకి జరిగాను.

"తాతా, ఇవి కొట్టలేదే."

కింద కూర్చుని లెక్కపెడుతోంది.

"తర్వాత కొడతాను."

"మర్చిపోతావేమో. నేను కొట్టనా?"

"వద్దు. వెళ్ళు. మీ అమ్మ వెతుకుతుంటుంది."

తినగా మిగిలిన యాపిల్ నా చేతిలో పెట్టి వెళ్ళింది. దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక సంచీలో వేసుకున్నాను.

మధ్యాహ్నం పుల్లాయన వచ్చాడు. కొత్త కోటు. మీటల మీద ఎప్పటిలాగే గాలి ఊదినట్టు తడిమాడు. ఆ మూడూ ముద్దుగా పలికాయి.

"ఏమయ్యా, ఇవాళ ఎవరు వాయిస్తున్నారో తెలుసుగా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశావా?"

"చేశాను సార్. కొట్టి చూడండి."

మా అన్న అన్న మాటే. ఆయనకి తగిలింది. నా వంక ఒక చూపు చూశాడు. "నాకు నువ్వు నేర్పుతావా? మీ ఇంట్లో అందరికీ కొట్టమనడమే వచ్చు" అని నవ్వి, వసారాలోకి వెళ్ళి సంతకం పెట్టాడు. గీత కింద ఇంకో గీత కూడా గీశాడు.

నాలుగింటికి హాలు కిటకిటలాడింది. తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు. నేను తెర పక్కన నా చోట నిలబడ్డాను. సంచీ భుజానికి ఉంది, పానా అందులో ఉంది. పాప తెల్ల గౌనులో వచ్చి, దిళ్ళ మీదికి ఎక్కి, జనాన్ని చూడకుండా ముందు మీటల్ని చూసింది.

మొదటి భాగం మొదలైంది. ఆ పిల్ల వాయించింది వాయించినట్టు చెప్పడం నా వల్ల కాదు. అరవైమందిలో ఒకాయన ఫిడేలు విల్లు ఆపి చూస్తూ ఉండిపోయాడు, పక్కాయన మోచేత్తో పొడిచాడు. ఆ మూడు మీటల మీద పాప చిన్న వేళ్ళు పడ్డప్పుడల్లా నేను లెక్కపెట్టుకున్నాను. నాలుగు. తొమ్మిది. పద్నాలుగు. పదిహేడో దెబ్బకి ఒకటి కదిలింది, ఆ వెంటే మిగతా రెండూ. అరవైమంది హోరులో నేనొక్కణ్ణే విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత నాకు సుఖంగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

రెండో భాగం. అందరూ ఊరుకున్నారు. పాప మొదటి మీట నొక్కింది. పులుపు. రెండోది. ఇంకా పులుపు. ముందు వరసలో ఒకావిడ మొహం చిట్లించింది. పుల్లాయన మెడ వెనక ఎర్రబడటం నాకు కనిపించింది. పాప ఇంకో నాలుగు స్వరాలు వాయించి, చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వాయించు" అన్నాడు పుల్లాయన పళ్ళ మధ్యనుంచి.

"తీగ జారింది తాతయ్యా."

"వాయించమన్నానా!"

"జారింది. ఆ తాత కొట్టలేదు."

అని తెర పక్కకి తిరిగి నన్ను చూసింది. కోపంగా కాదు. మర్చిపోయావు కదా, నేను చెప్పాను కదా అన్నట్టు చూసింది.

పుల్లాయన కూడా నన్ను చూశాడు. ఆయనకి అర్థమైంది. నన్ను అందామని నోరు తెరిచాడు. సంతకం గుర్తొచ్చింది. మూశాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. ఆయన జనం వైపు తిరిగి, చల్లగా నవ్వి, "చిన్నపిల్ల కదండీ, కంగారుపడి తప్పు మీటలు నొక్కింది. మీరు పెద్దమనసు చేసుకోవాలి" అన్నాడు.

హాలంతా అయ్యో అంది. తర్వాత ముద్దుగా నవ్వింది.

"నేను తప్పు నొక్కలేదు!" అంది పాప. ఇంకా నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు, ధైర్యం చెప్పడానికి.

ఆ నవ్వు నాకు తెలుసు. పెద్దవాళ్ళని చూసి నవ్వినా పిల్లల్ని చూసి నవ్వినా అదే నవ్వు. నా లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. తనకి అడ్డమొస్తే ఎవర్నైనా అంటాడని మా అన్న విషయంలో చూసి కూడా, సొంత రక్తాన్ని మాత్రం అనడని నేను అనుకున్నాను.

నేను వేదిక మీదికి నడిచాను. దీపాల వెలుగుకి కళ్ళు చెదిరాయి. పియానో పక్కన నిలబడ్డాను. అంతమంది ముందు నేనెప్పుడూ నోరు విప్పలేదు. విప్పాను.

"పాప తప్పు వాయించలేదు. తీగలు జారాయి. మూడు. జారాలని నేనే వదిలాను."

నవ్వు ఆగింది.

"మధ్యాహ్నం ఈయన చూసి, సరిగా ఉందని సంతకం పెట్టాడు. కొట్టి చూడండి అన్నాను, చూడలేదు. పుస్తకం వసారాలో ఉంది, వెళ్ళేటప్పుడు చూడండి. పంతొమ్మిదేళ్ళ కింద ఇదే చోట తీగ జారిందన్నాడు. జారలేదు. మర్నాడు నేనే చూశాను. ఈయన వేళ్ళు తప్పాయి. ఆ రోజు మా అన్న మీద వేశాడు. ఈ రోజు మనవరాలి మీద వేశాడు. మా అన్న తాగడు. ఆ మాట అప్పుడు చెప్పనందుకు నాది తప్పు."

"పిచ్చోడు వీడు, లాగండి బయటికి" అన్నాడు పుల్లాయన. ఎవరూ కదల్లేదు. విల్లు ఆపి చూసినాయన మాత్రం తన కుర్చీలోంచి, "సార్, ఆయన పని ఆయన్ని చెయ్యనివ్వండి" అన్నాడు.

నేను మూతలోకి వంగి మూడు తీగలూ లాగాను, దించాను, కూర్చోబెట్టాను. తర్వాత నిలబడి మీటల్ని కొట్టాను. ఒక్కోదాన్ని పదిసార్లు. ఆ నిశ్శబ్దంలో ఒక్కో దెబ్బా వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది. ప్రతి దెబ్బకీ పుల్లాయన కన్ను అదిరింది. ముప్ఫై దెబ్బలు. ఒకటి కూడా తగ్గించలేదు.

"అన్నీ కొట్టావా?" అంది పాప.

"కొట్టాను."

"కావాలనే వదిలావా?"

"ఊ."

దిళ్ళ మీద సర్దుకుని కూర్చుంది. "నువ్వు మంచోడివి కాదు. వెళ్ళిపో" అంది. వెళ్ళి నా చోట నిలబడ్డాను.

పుల్లాయన పుల్ల ఎత్తాడు. పాప ఆయన కోసం ఆగలేదు. రెండో భాగం మొదటినుంచి మొదలుపెట్టింది. వాయిద్యాలు కలిసే చోటు వచ్చినప్పుడు అరవైమందీ పుల్ల వంక చూడలేదు. పిల్ల చేతుల వంక చూసి కలిశారు. చివరిదాకా అలాగే వాయించారు. ఆయన అక్కడ గాలికి ఊగే కొమ్మలా ఊగుతూనే ఉన్నాడు. నేను ప్రతి క్షణం చూశాను. కళ్ళు తిప్పలేదు.

చప్పట్లు ఇంకా పడుతుండగానే మేనేజరు వసారాలో నా దగ్గర తాళాలు తీసుకున్నాడు. పుస్తకం చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. పుల్లాయన వాళ్ళని తోసుకుని నా మీదికి వచ్చాడు.

"నా మీద కోపముంటే నన్ను అనాల్సింది. పసిదాన్ని ఎందుకు లాగావు?"

"నేను లాగింది తీగని. పసిదాన్ని లాగింది మీరు."

ఆ మాట నేను ఆయనకైతే అన్నాను గానీ, ఇంటికి నడుస్తుంటే సగం నాకే తిరిగి తగిలింది.

చీకటి పడకముందే వదిన ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని బట్టలకి బొత్తాలు కుడుతోంది. జరిగింది చెప్పాను. సూది ఆపింది.

"జనం ముందే అన్నావా? మీ అన్న తాగడని అన్నావా?"

"అన్నాను."

"ఎలా అన్నావో మళ్ళీ అను."

అన్నాను. మూడుసార్లు అనిపించుకుంది. మూడోసారి కొంగుతో మొహం తుడుచుకుని, దారం కొరికి, అడిగింది. "పిల్ల ఏడ్చిందా?"

"లేదు. నన్ను వెళ్ళిపొమ్మంది."

"ఏడ్చి ఉంటే నీ మొహం చూసేదాన్ని కాదు" అంది. "అయినా దానికి ముందే చెప్పి చేయాల్సింది. అది కూడా సాయం చేసేదేమో." అని, ఏళ్ళ తర్వాత నా ముందు నవ్వింది.

మర్నాడు పొద్దున్న సంచీ భుజాన వేసుకుని, పియానోలున్న ఇళ్ళు ఎక్కువగా ఉండే వీధికి వెళ్ళాను. మొదటి ఇంటి గంట కొట్టాను. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తలుపు తీసింది.

"శృతి చేస్తానమ్మా."

నన్ను పైనుంచి కిందకి చూసింది. "నిన్న హాల్లో ఆ పని చేసింది నువ్వేనా?"

"నేనే."

"మా పియానోలో కూడా ఏమైనా వదిలేస్తావా?"

"మీ మీద నాకేం పగ లేదమ్మా."

ఆవిడ నవ్వాలో వద్దో తెలియక నిలబడింది. చివరికి "మా వారిని అడిగి చెబుతాను" అని తలుపు వేసింది. లోపల గడియ పడిన చప్పుడు విన్నాను. సంచీ సర్దుకుని, పక్కింటి గంట కొట్టాను.